పాల్గొన్నందుకు

మొదటి నెలలోనే నాకు నాలుగు టోపీలు వచ్చాయి.
నాయకత్వ వర్క్‌షాప్‌లో నీలంది,
సముద్రపు ఒడ్డు శుభ్రం చేసిన రోజు పచ్చది,
రక్తదాన శిబిరంలో తెల్లది.
బరువు చాలదని రక్తం తీసుకోలేదు,
టోపీ మాత్రం తీసుకోమన్నారు.
నాలుగోది ఎందుకిచ్చారో గుర్తు లేదు.

సొహార్‌లో సెప్టెంబరంటే
బస్సు దిగి గేటు దాకా నడిచేలోగా
కళ్ళద్దాల మీద సముద్రం ఆవిరి పట్టడం.
తుడుచుకుని చూస్తే ప్రతి గోడకూ ఒక పోస్టరు,
ప్రతి పోస్టరు కింద పేరు రాయడానికి ఒక గీత.
రాశాను. కనబడిన ప్రతి గీత మీదా రాశాను.

మెడలో కార్డు: నీలవేణి లింబాద్రి గంగన్న.
ఇక్కడ పేర్లు అలాగే రాస్తారు.
నేను, నాన్న, ఎన్నడూ విమానం ఎక్కని తాత,
ముగ్గురం ఒకే తాడుకు వేలాడుతూ
రోబోల క్లబ్బుకు పోయాం.
మా బండి గోడకు గుద్దుకుంది.
దాని చక్రమొకటి ఇంకా నా సంచిలోనే ఉంది.

ప్రథమ చికిత్స రోజు
ప్లాస్టిక్ మనిషి ఛాతీ మీద ముప్పై నొక్కులు.
"ఎవరి భాషలో వాళ్ళు లెక్కపెట్టండి," అంది నర్సు డలిసాయ్.
పంతొమ్మిది దాకా తెలుగులో నొక్కి
ఇరవై దగ్గర ఇంగ్లీషులోకి జారిపోయాను.
మనిషి బతికాడో లేదో ఎవరూ చెప్పలేదు,
తర్వాతి బ్యాచ్ వచ్చేసింది.

నీ గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు ఇంకోచోట.
నలభై సెకన్లలో నేను అయిపోయాను.

మంగళవారం వారసత్వ క్లబ్బు.
బల్ల నిండా తెల్ల దారం, గోధుమ రంగు దారం, చిన్న కత్తెరలు.
దిష్‌దాషా మెడ దగ్గర వేలాడే కుచ్చు,
అత్తరులో ముంచుకునే ఫురాఖా,
దాన్ని అల్లడం నేర్పుతానంది సీనియర్ జువైనా,
అతిథికి ఖర్జూరం అందించినంత నెమ్మదిగా.

నేను ఆ కుచ్చు మూడో తరగతి నుంచీ కడుతున్నాను.
కూరగాయల మార్కెట్ వెనక, లాండ్రీ పక్క సందులో
నాన్న కుట్టుమిషన్ కింద కూర్చుని,
కుచ్చుకు యాభై బైసలు.
ఈద్ ముందు వారమైతే చేతులకు నిద్రుండేది కాదు.

ఆ మాట చెప్పలేదు.
ముడి కావాలని వదులుగా వేశాను,
దారం కావాలని చిక్కు పడనిచ్చాను,
"ఇలాగా?" అని రెండుసార్లు అడిగాను.
అంతా బాగానే నడిచింది,
చివర్లో కత్తెర దొరక్క
దారాన్ని పంటితో పుటుక్కున తెంచేదాకా.
అచ్చం నాన్నలాగే, తల కొంచెం ఎడమకు వంచి.

జువైనా చెయ్యి ఆగిపోయింది.
"ఎక్కడ నేర్చుకున్నావు?"
"వీడియోలో."
"ఏ వీడియో? నాకూ పంపు."
పంపుతానన్నాను.
వారం దాటింది. ఎదురైనప్పుడల్లా
ఫోన్ వెతుక్కుంటున్నట్టు సంచిలో చెయ్యి పెడతాను,
చేతికి చక్రం తగులుతుంది.

రాత్రి పదకొండు. షట్టరు సగం దించి
నాన్న సర్టిఫికెట్‌ను ట్యూబ్‌లైటు కిందికి పట్టుకున్నాడు.
టేపు మెడలోనే ఉంది.
అక్షరాలు కూడబలుక్కుని, అర్థం నన్నడిగి,
ఫురాఖా తయారీలో శిక్షణ పొందినందుకు అని తెలిశాక
నవ్వాడు. ఆయన దగ్గర అంత నవ్వుందని నాకు తెలియదు.

"ఇరవై రెండేండ్లాయె బిడ్డా,
నాకొక్కడన్న గిసొంటి కాయిదం ఇయ్యలే.
అడిగి సూడు, ఫస్టియర్ల నన్ను గూడ తీస్కుంటరేమో."

నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఫోన్ మోగింది. ఎవరో గిరాకీ, పెళ్ళి తొందర.
నాన్న చేతికందిన కాగితం తిప్పి
వెనకవైపు రాసుకోవడం మొదలుపెట్టాడు.
మెడ పదహారు. చెయ్యి ఇరవై నాలుగున్నర.
సగంలో చూసుకుని, "అరె," అని పెన్సిల్ ఎత్తాడు.

"ఏం కాదు, రాయి," అన్నాను.

పొడుగు యాభై ఎనిమిది.
కుచ్చు తెల్లదే కావాలట,
గురువారానికల్లా.